తెరచాప కుట్టు తెగిందన్నారు

వాయుగుండం తుపానుగా మారిందనీ, మరుసటి రోజు మధ్యాహ్నానికి మా తీరానికి దగ్గర్లోనే దాటుతుందనీ అందరి ఫోన్లకూ మెసేజీలు వచ్చాయి. పొద్దున ఎనిమిదింటికల్లా నేను సముద్రం ఒడ్డుకు చేరాను. అల్లూరు నుంచి స్కూటీ మీద అరగంట. దారి పొడవునా రొయ్యల గుంటల్లో నీళ్లు చిలికే యంత్రాలు విప్పి ట్రాక్టర్ల మీదికి ఎక్కిస్తున్నారు. గాలి మాత్రం అస్సలు లేదు. సరుగుడు తోటలో ఒక్క రెమ్మ కదలడం లేదు. అలలు మాత్రం రోజూ విరిగే చోటు దాటి బాగా పైకి వస్తున్నాయి.

నేను అల్లూరులో రొయ్యల గుంటలకు పట్టలు, వలలు కుడతాను. మా నాన్న తెరచాపలు కుట్టేవాడు. ఆ రోజుల్లో ఆయన ఇద్దరు జాలరి అన్నదమ్ములతో కలిసి ఒక పడవ చేయించాడు. చెక్క, తెరచాప నాన్నవి, వేట వాళ్లది. నాన్న పోయాక సగం వాటా నాకు వచ్చింది. మిగతా సగం ఆ అన్నదమ్ముల్లో పెద్దాయనది. నేను ఆయన్ని చిన్నాయనా అంటాను. ఇప్పుడు ఆయనకు డెబ్బై దాటాయి. ఆయన తమ్ముడు, నేను తొమ్మిదేళ్ల పిల్లగా ఉన్నప్పుడు, ఒక తుపానులో పోయాడు.

ఎట్లా పోయాడో మా ఊళ్లో అందరికీ తెలుసు. నాన్న వేసిన కుట్టు నడిసముద్రంలో తెగిపోయింది. తెరచాప చీలింది. చాప కట్టిన వాసం తిరిగి తమ్ముణ్ణి కొట్టింది. ఆ తరువాత నాన్న ఒక్క తెరచాప కూడా కుట్టలేదు. పరుపులు కుట్టాడు, గొడుగులు బాగుచేశాడు, చనిపోయేదాకా సముద్రం వైపు వెళ్లలేదు. బడిలో పిల్లలు నన్ను 'తెగిన దారం' అని పిలిచేవాళ్లు. చనిపోయిన తమ్ముడి భార్య బజారులో మా అమ్మ ఎదురుపడితే ముఖం తిప్పుకొని అవతలి పక్కకు దాటేది.

అయినా చిన్నాయన మా వాటా తీసెయ్యలేదు. ప్రతి రంజానుకూ ఇంటికి చేప పంపేవాడు. నాన్నను ఖననం చేసిన రోజు ఖబరస్తాను గోడ అవతల నిలబడి మా బంధువుల కంటే ఎక్కువ ఏడ్చాడు. ఆ మరుసటి ఏడాది నా దగ్గరికొచ్చి, "కొత్త చాప నువ్వే కుట్టు పాపా" అన్నాడు. ఆ రోజు నేను మిషను మీద తల పెట్టుకుని ఏడ్చాను. మా దారం వల్ల తమ్ముణ్ణి పోగొట్టుకున్న మనిషి మళ్లీ నా దారాన్ని నమ్ముతున్నాడనుకున్నాను. ఇన్నేళ్లూ ఆయన్ని తలుచుకుంటే చేతులు జోడించాలనిపించేది.

ఒడ్డు మీద ఇంజను పడవలు చాలానే ఉన్నాయి. తెరచాప వాడేవి ఇప్పుడు నాలుగే. వాటి యజమానులు నలుగురూ అప్పటికే పనిలో ఉన్నారు. తెరచాప విప్పి, దాన్ని నిలబెట్టే కొయ్య దించి, పడవను ట్రాక్టరుతో సరుగుడు తోట వెనక్కి లాగాలి. అక్కడ బోర్లించకుండా, లోపల సగం దాకా తడి ఇసుక నింపి, రెండు పక్కలా చెట్లకు మోకులతో కట్టాలి. బరువు లేకపోతే గాలి పడవను ఎత్తి పారేస్తుంది. నా పని తెరచాప మడిచి ఇంటికి తీసుకుపోవడం.

పని చేస్తూ పాత తుపానుల మాటలు మొదలుపెట్టారు. పక్క పడవాయన ట్రాక్టరుకు మోకు బిగిస్తూ, "మా నాయన కాలంలో పడవ కాలవ దాటి పోయి ఎవురిదో వరి మడిలో కూర్చునుండాది. ఆ రైతు పడవ చుట్టూ కోసుకున్నాడే గాని, మమ్మల్ని ఒక్క మాట అన్లేదు" అన్నాడు. ఇంకొకాయన, ఒకసారి తుపాను తెల్లారి ఎక్కడిదో పూరి కప్పు ఒడ్డుకు కొట్టుకొచ్చిందనీ, దాని మీద ఒక మేక బతికే ఉందనీ చెప్పాడు. అందరం నవ్వాం. చిన్నాయన నవ్వలేదు. పడవలో కూర్చుని కొయ్య మొదట్లో ముడి విప్పుతున్నాడు.

పక్క పడవాయన నా చేతిలోని తెరచాప చూసి, "ఇప్పుడంటే నైలాన్ దారాలు వచ్చినాయి. ఆ రోజు కుట్టు నిలబడుంటే ఈయన తమ్ముడు ఈ పొద్దు మనతోటే ఉండేవాడు" అన్నాడు. నన్ను బాధపెట్టాలని కాదు. అది ఇక్కడ ఎవరైనా అనే మాటే. నాకూ అలవాటైపోయింది. నేను తల వంచుకుని మడత వేస్తున్నాను.

"కుట్టు పోలా" అన్నాడు చిన్నాయన.

ఎవరికీ అర్థం కాలేదు. "ఏందన్నా?" అన్నాడు పక్క పడవాయన.

"కుట్టు పోలేదంటుండా. చాప నేనే కోసినా. కత్తితో."

తెరచాప నా చేతుల్లోంచి జారి ఇసుకలో పడింది. వంగి తీసుకుని ఇసుక దులిపాను. ట్రాక్టరు ఇంజను ఆడుతూనే ఉంది. దాన్ని ఆపమని ఎవరో చెయ్యి ఊపారు.

చిన్నాయన పడవలోంచి దిగలేదు. ఎవరి వైపూ చూడకుండా చెప్పాడు. "ఇద్దరమే ఉండాం. ఒక్కసారిగా గాలి పట్టింది. పడవ ఒక పక్కకు ఒరిగిపోయి నీళ్లు ఎక్కుతుండాయి. చాప మోకు ముడి తడిసి బిగుసుకుపోయింది. తమ్ముడు ఆ పక్కన నీళ్లలో వంగి దాన్ని విప్పుతుండాడు. నాకు ఆ మోకు అందదు. చేతికందింది చాపే. కత్తి తీసి అడ్డంగా కోసేసినా. గాలి వదిలేసింది. పడవ ఒక్క ఊపున లేచింది. వాసం తిరిగి వాడి తల మీద కొట్టింది."

ఆగాడు. విప్పుతున్న తాడు పక్కన పెట్టాడు.

"చాప కోయబోయే ముందు వాడు అరిచినాడు. ఆగన్నా, ముడి వస్తుండాది, అన్నాడు. నాకు ఇనపడింది. ఇనపడీ కోసినా."

"మరి కుట్టు తెగిందని ఎందుకు చెప్పినావు చిన్నాయనా?" అని అడగాలనుకున్నాను. నోట్లోంచి 'మరి' అన్న ఒక్క మాటే వచ్చింది.

దానికే ఆయన జవాబు చెప్పాడు. "ఒడ్డుకు రాంగానే మా అమ్మ ఎదురొచ్చింది. ఏమైందిరా అనింది. కుట్టు పోయిందమ్మా అన్నా. ఎట్టొచ్చిందో నోటికి ఆ మాట. సాయంత్రానికి ఊరంతా పాకింది. తెల్లారి చెబుదామనుకున్నా. కర్మంతరాలు కానీలే అనుకున్నా. మీ నాయన పోయిన రోజన్నా చెప్పాల్సింది. చెప్పలేకపోయినా పాపా."

పక్క పడవాయన తల మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. కాసేపటికి ఆయనే, "పని కానీండి, అలలు చూడండి ఎట్లొస్తుండాయో" అన్నాడు. ట్రాక్టరు కదిలింది. నేనూ అందరితో పాటు పడవ అంచు పట్టుకుని తోశాను. చిన్నాయనా నేనూ ఒకే పక్కన ఉన్నాం. ఆయన మోచెయ్యి నా మోచేతికి తగిలినప్పుడల్లా నేను కాస్త పక్కకు జరిగాను. ఇసుక నింపాం, మోకులు కట్టాం. ఆయన ఒక ముడి సరిగ్గా వెయ్యలేకపోతే నేనే వేశాను.

ఇంటికి ఎట్లా వచ్చానో గుర్తు లేదు. దారిలో రొయ్యల గుంటలు దాటి ఉంటాను, పోలీసులు ఆపి ఎక్కడికని అడిగి ఉంటారు. ఏదీ గుర్తు లేదు. అమ్మ వరండాలో డ్రమ్ముల్లో నీళ్లు పడుతోంది. బియ్యం మూటలు మంచం మీదికి ఎక్కించి ఉన్నాయి. తెరచాప కింద పెట్టి, జరిగింది చెప్పాను. అమ్మ కింద పడిపోతుందేమోనని చెయ్యి పట్టుకునే చెప్పాను.

అమ్మ పంపు కట్టేసింది. "చెప్పేసినాడా?" అంది.

ఒడ్డు మీద విన్న మాట కంటే ఆ మాట నన్ను ఎక్కువ కొట్టింది.

"నీకు తెలుసా?"

"మీ నాయనకే తెలుసు. నాకు ఆయన చెబితే తెలుసు."

అమ్మ కుర్చీ లాక్కుని కూర్చుని చెప్పింది. ఆ తుపాను వెలిసిన నాలుగో రోజు నాన్న వాళ్లింటికి పోయి చినిగిన తెరచాప అడిగి తెచ్చుకున్నాడట. తన కుట్టు ఎక్కడ తప్పిందో చూసుకోవాలనుకున్నాడు. పెరట్లో పరిచి కుట్లన్నీ వేలితో తడుముకుంటూ పోయాడు. ఒక్కటీ తెగలేదు. గుడ్డ మాత్రం నడుమ అడ్డంగా, జానెడు మేర నున్నగా తెగి ఉంది. అక్కడి నుంచి పీచులు పీచులుగా చీలింది. కత్తి పడిన చోటు నాన్నకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

"నువ్వు ఊళ్లోకి పోయి చూపించు అని నేను గొడవ పెట్టుకున్నా" అంది అమ్మ. "ఆయన వినలా. నేను నోరు తెరిస్తే వాడు ఉరేసుకుంటాడు, వాడికి ముగ్గురు బిడ్డలుండారు అన్నాడు. ఆ చాపను ముక్కలు చేసి నీళ్ల పొయ్యిలో పెట్టేసినాడు. నా చేత ఒట్టేయించుకున్నాడు."

"నాకన్నా చెప్పి ఉండకూడదా అమ్మా?"

"చెప్తే నువ్వు ఊరుకుంటావా?"

ఊరుకునేదాన్ని కాదు. అది నిజమే. కానీ నా తొమ్మిదో ఏటి నుంచీ నేను మా నాన్నను చూసి సిగ్గుపడ్డాను. బడికి ఆయన వస్తే గోడ చాటుకు పోయేదాన్ని. ఆయన ముఖం మీదే ఒకసారి, "నీ కుట్టు బాగుంటే మాకీ గతి పట్టేది కాదు" అన్నాను. ఆయన గొడుగు ఊచ సరిచేస్తూ, "అవును తల్లీ" అన్నాడు. ఆ 'అవును' ఇప్పుడు నా మీద పడింది. గోడకు ఆనుకుని కూర్చున్నాను. అమ్మ మళ్లీ పంపు తిప్పి మిగిలిన డ్రమ్ము నింపింది.

మరుసటి రోజు మధ్యాహ్నం నమాజు వేళకు తుపాను మమ్మల్ని చేరింది. రెండు గంటలు ఇల్లంతా మోగింది. ఎదురింటి రేకులు మా వీధిలో దొర్లుకుంటూ పోయాయి. వెనక గోడ కూలింది. నాకు భయం వెయ్యలేదు. భయపడటానికి లోపల చోటు లేనట్టు ఉంది. అమ్మ తస్బీ పూసలు తిప్పుతూ దువా చేస్తుంటే పక్కన కూర్చుని నా అరచేతులు చూసుకున్నాను.

మూడో రోజు దారి తెరిచాక ఒడ్డుకు పోయాను. తోటలో సగం చెట్లు పడిపోయాయి. మా పడవ మీద ఒక సరుగుడు మాను పడి అంచు విరిగింది గాని, అడుగు చెక్క బాగానే ఉంది. చిన్నాయన దాని పక్కన ఒక్కడే కూర్చుని ఉన్నాడు. తుపాను షెల్టర్లో జనమంతా ఉండగానే తమ్ముడి భార్య ముందు కూర్చుని మొత్తం చెప్పేశాడట. ఆయన కొడుకులు ఆయనతో మాట్లాడటం మానేశారు.

"చెప్పకుండా పోయుంటే బాగుండేదేమో పాపా" అన్నాడు.

"అన్నం తిన్నావా?" అని అడిగాను. తినలేదన్నాడు. నా డబ్బా ఆయన ముందు పెట్టి పక్కకు వచ్చేశాను. ఆయన తింటుంటే చూడటం నా వల్ల కాలేదు.

స్కూటీ దగ్గర ఆయన మరదలు నిలబడి ఉంది. నలభై ఏళ్లుగా మా ఇంటి మనుషులతో మాట్లాడని మనిషి. దగ్గర నుంచి చూడటం అదే మొదటిసారి. నేననుకున్న దానికంటే చాలా పొట్టి.

"మీ అమ్మ ఇంట్లో ఉండాదా?" అని అడిగింది.

"ఉండాది."

"నేను రావచ్చునా?"

నేను స్కూటీ తీశాను. వెనక కూర్చుని దారంతా నా భుజం గట్టిగా పట్టుకుంది. ఎప్పుడూ బండి ఎక్కలేదేమో. ఇంటి ముందు దిగాక గడప దాటలేక అక్కడే నిలబడిపోయింది. అమ్మ లోపలి నుంచి వచ్చి చూసింది. తరువాత, "ఎండలో ఎందుకు, లోపలికి రా" అంది.

వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. నేను వెనక్కి పోయి కూలిన గోడ ఇటుకలు ఒక పక్కకు పేర్చాను. పేరుస్తున్నంతసేపూ మా నాన్న మీద కోపమే. ఆయన మంచితనానికి నా చిన్నతనం అంతా ఖర్చయిందని కోపం. ఆ కోపం ఇప్పటికీ ఉంది. దాని పక్కనే ఇంకోటి కూడా ఉంది. దానికి పేరు పెట్టలేను గాని, ఆ 'అవును తల్లీ' గుర్తొచ్చినప్పుడల్లా అదే ముందొస్తుంది.