నా పైపుకు దండెం కట్టనివ్వలేదు

తొంభైల్లో సరదాకి వైర్‌లెస్ సెట్లు నడిపే మా హామ్ రేడియో బృందం అంటే ముగ్గురమే. మిర్యాలగూడలో రైస్‌మిల్లు నడిపే మా అన్న, కోదాడ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే మాస్టారు, నడుమ సూర్యాపేటలో డాబా మీద పైపు నిలబెట్టి యాంటెన్నా కట్టిన నేను. వాళ్ల సెట్లు ఒకదానికొకటి నేరుగా అందవు. కంప్యూటర్లో టైపు చేసిన మాట ఎవరిదైనా సరే, గాలిలో నా రేడియో పెట్టెకు వచ్చి అవతలికి వెళ్లాల్సిందే. ఆ సంగతి వాళ్లకు తరచూ గుర్తుచేసేదాన్ని. లైసెన్సు ప్రకారం వ్యాపారం మాట్లాడకూడదు గనక, అన్న బియ్యం ధర ఎత్తబోయి నాలుక కరుచుకునేవాడు.

ఒక ఎండాకాలం నిబంధనలు మారాయి. మేం వాడే ఫ్రీక్వెన్సీని నోటి మాటలకే ఉంచేశారు. టైపు సందేశాలన్నీ నెలాఖరులోగా కొంచెం పైకి జరగాలి. వాళ్లిద్దరివీ ముల్లు తిప్పి ఏ ఫ్రీక్వెన్సీకైనా మార్చుకునే సెట్లు, బాధ లేదు. నాది పాతది. లోపల వినడానికొకటి, పంపడానికొకటి గోరంత క్రిస్టల్ పలకలుంటాయి; ఏ ఫ్రీక్వెన్సీకి కోస్తే దానికే పలుకుతాయి. కొత్తవి చేయించాలంటే నెలలు పడుతుంది. నా పెట్టె మూగబోతే ముగ్గురి దారీ మూసుకుపోయినట్టే.

మా అత్తమ్మ మాత్రం సంబరపడింది.

"ఇగ గా పైపు ఖాళీయే గదా? దండెం కట్టుకుంటె బట్టలన్న ఆరుతయి."

నాకు ఒళ్లు మండింది.

పలకను అరగదీస్తే ఫ్రీక్వెన్సీ పైకి పోతుందని తెలుసు. మిల్లులో బియ్యాన్ని తెల్లగా చేసే ఎమరీ రాయిని చెక్కినప్పుడు పొడి రాలుతుంది. అన్న అది పొట్లం కట్టి బస్సులో పంపాడు. నీళ్లలో తేర్చి, మెత్తటి బురదను కిటికీ అద్దం ముక్క మీద వేసి, పలకలను ఒక్కొక్కటిగా వేలికొసతో అరగదీశాను. వినే క్రిస్టల్ మొదటిసారికే కుదిరింది. ఆ పొగరుతో పంపే క్రిస్టల్‌ను అవసరానికి మించి రుద్దాను.

అన్న తన సెట్టులో విని ఫోన్ చేశాడు. "ఏం చేసినవ్ చెల్లె, మరీ పైకి పోయింది. అరిగింది మళ్ల అతుకుతదా? ఇగ ఖతం."

ఏడుపొచ్చింది. ఏడుస్తూనే ఆలోచించాను. అరిగి తేలికైతే పైకి పోయింది, మరి బరువెక్కిస్తే? పెన్సిల్ తీసి పలక మీద రుద్దాను. సెట్లో పెట్టి పంపాను. మళ్లీ తీసి రుద్దాను. ఫోన్లో అన్న గొంతు మారింది.

"దిగుతున్నది... ఇంక జర... ఆగు! గాడనే ఆగు!"

వెంటనే కోదాడకు టైపు చేశాను. కాసేపటికి తెర మీద జవాబు మెరిసింది: "వచ్చిందమ్మా, శుభ్రంగా వచ్చింది. మీ అన్నయ్యకు నమస్కారాలు అందించండి." అది నా పెట్టెలోంచే మిర్యాలగూడకు వెళ్లింది. ఫోన్లో అన్న అరుపుకు నా చెవి గింగుర్లెత్తింది. నేనూ అంతకంటే గట్టిగా అరిచాను.

డాబా మీదికి పరిగెత్తాను. అత్తమ్మ అప్పటికే పైపుకు తాడు కట్టి, తడిచీరల బకెట్‌తో నిలబడి ఉంది.

"ఏందే గా లొల్లి? పలికిందా?"

"పలికింది అత్తమ్మా. కోదాడ దాకా."

"అయితే మీ అన్నను బియ్యం ధరెంతుందో అడుగు."

"దీంట్లో అదొక్కటే అడగకూడదు అత్తమ్మా, లైసెన్సు పోతుంది."

"గింత చేసి గదొక్కటి తెల్వకపాయె," అని గొణుక్కుంటూ, తాడు ముడి తానే విప్పింది.