మూసిన గవాచి

“మీ అత్త పొగకు పడిపోయిందమ్మా!” అని బావి దగ్గర నాకు మొదట చెప్పింది పొరుగింటి హుసేన్‌బీ. ఒంటిమిట్టలో పెంకుటింట్లో పెరిగిన నేను ఓర్వకల్లు పక్క పల్లెకు కాపురానికి వచ్చిన తొలి వేసవి అది.

ఆ ఉదయమే వానకు కారకుండా మట్టిమిద్దె మీద చౌడుమన్ను పరుస్తున్న కూలిమనిషి నాగమ్మతో, ఎండ దిగకుండా వంటింటి కప్పులో వదిలిన కంత, ఆ గవాచి కూడా కప్పేయమన్నాను.

“పొగ యాడికి పోతాదమ్మా?” అంది.

“నాకే చెప్పొస్తావా?” అని కసిరాను.

ఇంటికి పరుగెత్తేసరికి నాగమ్మే మిద్దెక్కి చేతులతో మట్టి తోడేస్తోంది. దేవుడి దయ, అత్తమ్మ కళ్లు తెరిచారు.

“ఎవరు మూసింది?” అని మామగారు అరిచారు. నేను అత్తమ్మకు కొంగుతో విసురుతున్నాను.

“నేనే సామీ, మతి లేక మూసినా” అని తిట్లన్నీ నాగమ్మే పడింది.

నిరుడు ఆమె పోయింది. ఆమె ఉండగా నిజం చెప్పే ధైర్యం నాకు రాలేదు. మీ ఇంట్లో దీపం పెట్టేటప్పుడు మా నాగమ్మను ఒక్కసారి తలుచుకోండి.