మే నెలలో హీటర్

పెళ్లికి ముందు రోజులు తలుచుకుంటే నాకు మొదట గుర్తొచ్చేది మా నాయిన కారు. అప్పట్లో అల్లాదుర్గ్‌లో మా ఇంట్లో జబ్బు మనిషి ఎవరంటే అదే. చుట్టాలు వచ్చినా ముందు దాని ఆరోగ్యమే అడిగేవారు. ఇంజన్‌లో గ్యాస్కెట్ ఏదో కాలిపోయి, రేడియేటర్‌లో పోసిన నీళ్లు పోసినట్టే మాయమయ్యేవి. "ఇంజన్ దించాలె సారూ, కారు ధరంత అయితది" అని మెకానిక్ చెప్పినా నాయిన ఒప్పుకోలేదు. "ఇంజన్ మంచిగనే ఉంది. జర వేడి మనిషి, అంతే" అనేవాడు. (ఆ మాట అమ్మ గురించి కూడా అనేవాడు. ఆమె మాత్రం ఏనాడూ దారిలో ఆగిపోలేదు.) కారును ఎవరైనా ఒక్క మాటంటే వాళ్లతో రెండు రోజులు మాట్లాడేవాడు కాదు.

నా పెళ్లి మెదక్‌లో చర్చిలో, నడి మే నెలలో. మా తర్వాత ఇంకో పెళ్లి ఉంది కాబట్టి, ఆలస్యమైతే ముందు వాళ్లది కానిచ్చేస్తామని పాస్టరుగారు గట్టిగా చెప్పారు. మేనమామ కిరాయి కారు మాట్లాడతానంటే నాయిన కస్సుమన్నాడు. "నా బిడ్డ కిరాయి కారుల పోవుడేంది? నాకు కారు లేదా?" చేసేది లేక మెకానిక్ ఒక ఉపాయం చెప్పి పంపాడు. వేడి చూపించే ముల్లు పైకెక్కితే కారులోని హీటర్ పెట్టాలట, ఇంజన్ వేడి లోపల కూర్చున్నవాళ్ల మీదికి వచ్చేస్తుందట.

సగం దారిలో ముల్లు లేచింది.

"బావా, ఎర్రగీత కాడికొచ్చింది" అన్నాడు ముందు సీట్లో ఉన్న మేనమామ.

"నువ్వు దాన్నే చూస్తుంటే అది కావాల్నని ఎక్కుతది. రోడ్డు దిక్కు చూడు" అని నాయిన హీటర్ తిప్పాడు.

కాళ్ల దగ్గర్నుంచి పొయ్యి సెగ లేచింది. తెల్ల చీర ఒంటికి అతుక్కుపోయింది. కాటుక బుగ్గల మీదికి దిగింది. తుడిస్తే చెవుల దాకా పాకింది. "ఏమయ్యా, పిల్లను పెళ్లికి తోల్కపోతున్నవా, ఉడకబెడ్తున్నవా?" అని అమ్మ కొంగుతో విసురుతూనే ఉంది. కారు ఆపితే మళ్లీ కదలదు, కదలకపోతే పెళ్లి తప్పిపోతుంది. నాకు ఏడుపు కూడా రాలేదు, ఒంట్లో నీళ్లుంటే కదా! హవేలిఘనపూర్ దాటేసరికి బానెట్ సందుల్లోంచి ఆవిరి మొదలైంది. చర్చి గేటు దగ్గర కారు పెద్ద నిట్టూర్పు విడిచి తనంతట తానే ఆగింది. మా తర్వాతి పెళ్లివాళ్లు అప్పటికే వచ్చి కూర్చున్నారు.

పరుగున లోపలికి వెళ్లాను. నన్ను చూడగానే జనంలో గుసగుసలు మొదలయ్యాయి. "ఎంత ఏడ్చిందో చూడు, పాపం. ఇష్టం లేని పెళ్లి ఉన్నట్టుంది." పెళ్లికొడుకు (అప్పటికి ఆయన్ను చూసింది రెండుసార్లే) గొంతు తగ్గించి అడిగాడు. "మీకు ఇష్టం లేకుంటే ఇప్పుడే చెప్పుండ్రి. నేనేమనుకోను." అదేం కాదని తల అడ్డంగా ఊపాను. చెమట చుక్కలు ఆయన కోటు మీద పడ్డాయి. ఆయన మొహం ఇంకా పాలిపోయింది. పాస్టరుగారు సమ్మతమేనా అని అడిగితే, ఎండిపోయిన గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. ఆయన రెండోసారి అడిగారు.

అప్పుడు నాయిన లేచి నిలబడ్డాడు.

"అయ్యగారూ, పిల్ల ఏడ్వలేదు. మే నెలల హీటర్ పెట్టి తోల్కొచ్చిన. నా కారు ఇంజన్ ఖరాబైంది. మొత్తమే ఖరాబైంది. జరన్ని నీళ్లిప్పియ్యుండ్రి."

ముందు నవ్వింది పాస్టరుగారే. నీళ్లు తాగి నేను పలికిన "సమ్మతమే" గేటు దాకా వినిపించిందట.

తర్వాత కిరాయి కారెక్కి వెనక్కి చూస్తే, నాయిన ఒక్కడే చెట్టు కింద బానెట్ మీద అరచెయ్యి ఆనించి ఏదో చెబుతున్నాడు. క్షమాపణే అయ్యుంటుంది. ఇనుముకు జ్వరం చూసే మనిషిని ఎక్కడా చూడలేదని ఇంటిదాకా నవ్వుకున్నాను.

ఇప్పుడు మా పాప పక్కనే పడుకుని ఉంది. ఇది రాస్తూనే రెండుసార్లు దాని నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాను. వేడేమీ లేదు. అయినా ఇంకోసారి చూస్తాను. ఆ రోజు కిరాయి కారు వెనక సీట్లో నవ్విన పిల్ల ఇప్పుడు నన్ను చూస్తే, ఎంత నవ్వేదో!