ఆమేన్ అనే దాకా దిగను

ఆ రోజుల్లో నాకు లోకం తలకిందులుగానే బాగా అర్థమయ్యేది. చేతుల మీద నిలబడితే చంద్రపూర్‌లోని మా బాబుపేట్ వీధిలో అందరూ సమానంగా కనిపించేవారు, ముందు చెప్పులు, ఆ తర్వాతే మొహాలు. పదమూడేళ్ల వయసు, బక్క ఒళ్లు, రెండు బిగుతు జడలు, ఎవరైనా వద్దన్నారంటే ఆ పనే ముందు చేసే బుద్ధి. (ఆ బుద్ధి ఇప్పటికీ పోలేదని మా ఆయన అంటాడు. పోవాలని నేనెప్పుడూ కోరుకోలేదు.) జిమ్నాస్టిక్స్ అనే మాట మా వాడలో ఎవరికీ నోరు తిరిగేది కాదు. "బిడ్డ సర్కస్ నేర్చుకుంటుంది" అని సరిపెట్టుకునేవారు. నేను మాత్రం ఊరుకునేదాన్ని కాదు. సర్కస్‌లో పులి ఉంటుంది, ఇక్కడ సర్ ఉంటాడు, రెండూ ఒకటి కాదని వాదించేదాన్ని.

సర్ అంటే మా బడి వ్యాయామం మాస్టారు. మరాఠీ ఆయన. మనిషి పొట్టి, గొంతు పెద్దది. "పాయ్ సరళ్!" అని ఆయన అరిస్తే నా కాళ్లే కాదు, గేటు బయట సైకిల్ తొక్కేవాళ్ల కాళ్లు కూడా నిటారుగా అయ్యేవి. నాలో ఏం చూశాడో గాని నాగపూర్ సెలక్షన్‌కు తీసుకుపోతానని పట్టుబట్టాడు. పట్టుదల ఉంది, స్థలమే లేదు. బడి మైదానమంతా గులకరాళ్లు, పైగా చంద్రపూర్ ఎండ. ఆ నేల మీద చెయ్యి పెడితే అట్టులా కాలేది. బొగ్గు గనిలో పనిచేసే మా బాపు ఒక ఆదివారం సంఘ పెద్దను బతిమాలి, ఆదివారం తప్ప మిగతా రోజుల సాయంత్రాలు చర్చి హాలు వాడుకునేలా ఒప్పించాడు. ముసలివాళ్లు కూర్చునే పొడవాటి బెంచీ నాకు బీమ్, అంటే మీదెక్కి నడిచే సన్నటి దూలం, అయింది. ఆదివారం ప్రార్థనకు పరిచే పెద్ద సత్రంజి నాలుగు మడతలు పడి చాప అయింది. అంత గొప్ప స్టేడియం తర్వాత నేనెక్కడా చూడలేదు.

ఇక ఆ సంఘ పెద్ద. ఆయన్ని పిల్లలమంతా గడియారం తాత అనేవాళ్లం. పాస్టరయ్య ప్రసంగం మొదలుపెట్టగానే చేతి గడియారం చూసేవాడు, ముగిసేదాకా చూస్తూనే ఉండేవాడు. కానీ సాక్ష్యాల వేళ వస్తే ఆ గడియారం ఏమైపోయేదో దేవుడికే తెలియాలి. మా సంఘంలో ప్రార్థన చివర ఎవరైనా లేచి తమ జీవితంలో దేవుడు చేసిన మేలు చెప్పొచ్చు. తాత ప్రతి నెలా లేచేవాడు. తాను గనిలో ఎలా జారిపడ్డాడో, ఎలా బతికి బయటపడ్డాడో, ఆ రోజు టిఫిన్ డబ్బాలో కూర ఏమిటో కూడా చెప్పేవాడు. ఒకసారి ఎవరో కాస్త దగ్గితే, "సాక్ష్యం నడుమ ఆపొద్దు. ఆమేన్ అనేదాంక అది దేవుని మాట" అని గద్దించాడు. ఆ రోజు నుంచి మా సంఘంలో అది చట్టం అయిపోయింది.

నాకు కష్టం తెచ్చింది సుద్ద పొడి. చేతులు జారకుండా మేం అరచేతులకు పూసుకుంటామే, అది. నేను ఎంత పూసుకునేదాన్నో అంతకు రెండింతలు సత్రంజీ బెంచీ కలిసి తాగేవి. ఒక ఆదివారం పాట కోసం అందరూ లేచి నిలబడ్డారు. ఆడవాళ్లవి తెల్ల చీరలు, కాబట్టి వాళ్ల వైపు ఏమీ తెలియలేదు. మగవాళ్లవి నల్ల ప్యాంట్లు. ముందు వరసలో గడియారం తాత, వెనక రెండు తెల్లటి చందమామలు. వెనక వరస పాట పాడలేకపోయింది. నేనైతే పాటల పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకున్నాను. (తెలుగు మాట్లాడటం ఇంట్లో వచ్చింది. చదవడం మాత్రం ఆ పుస్తకంలోనే నేర్చుకున్నాను. అది తలకిందులుగా పట్టుకున్నానని అమ్మ తర్వాత చెప్పింది.)

ఆ సాయంత్రమే హాలుకు తాళం పడింది. బాపు వెళ్లి అడిగితే తాత సుద్దను పక్కన పెట్టేశాడు. "సుద్ద సంగతి కాదు తమ్మీ, బట్టల సంగతి. ఆ అంటుకపోయిన బట్టలేంది? ఆడపిల్లనాయె. నిండుగ పైజామా, మోకాళ్ల కిందికి గౌను, చేతులు పొడుగ్గ ఏసుకోమను. తాళం చెవి ఇస్త" అన్నాడు. బాపు తల వంచుకుని వచ్చేశాడు. గనిలో పైకప్పు కింద వంగి నడిచిన మనిషే గాని, మా ముందు అలా వంగడం నేను మొదటిసారి చూశాను. నాకు ఒళ్లు మండింది. సెలక్షన్ దగ్గర పడుతోంది. సాధన లేకపోతే పేరు పంపనని సర్ ముందే తేల్చేశాడు.

మా నాయినమ్మ తగాదాలంటే భయపడే మనిషి. ఆమె కుట్టుమిషన్ ముందు కూర్చుని గౌను తయారుచేసింది. పూల గుడ్డ, మణికట్టు దాకా చేతులు, కింద రెండు వరసల కుచ్చులు. పెళ్లికి వేసుకుపోవచ్చు. వాకిట్లో దాన్ని వేసుకుని చేతుల మీద లేచాను. కాళ్లు పైకి పోగానే గౌను కిందికి వచ్చి మొహం మొత్తం మూసేసింది. కళ్లు కనబడక కోళ్ల గంప మీద పడ్డాను. ముక్కు వాచింది. కోళ్లు రెండు రోజులు నా వైపు రాలేదు.

"ఇంక నేనది ఏసుకోను" అన్నాను.

"ఏసుకోకుంటే చెవి ఇయ్యడు బిడ్డా. పెద్దోళ్లతోని కొట్లాట ఏంది?" అంది నాయినమ్మ.

ఆదివారం వచ్చింది. నేను బుద్ధిగా ఆ పూల గౌనే వేసుకుని, లోపల పైజామా బిగించి చర్చికి పోయాను. నాయినమ్మ మురిసిపోయింది. తాత నన్ను చూసి తల పంకించాడు. ప్రసంగం అయింది. "ఎవరన్న సాక్ష్యం చెప్తరా?" అని పాస్టరయ్య అడిగాడు. తాత లేవబోతుండగా నేను లేచాను.

"నేను చెప్త" అని ఆడవాళ్లకూ మగవాళ్లకూ మధ్య ఉన్న దారిలోకి వచ్చి, చేతుల మీద నిలబడ్డాను.

గౌను తన పని తాను చేసింది. చీకటి. ఎవరో "అయ్యో దేవా" అన్నారు. డోలక్ వాయించే అన్న భయంతో ఒక దెబ్బ కొట్టాడు. "దించుండ్రి ఆ పిల్లను!" అని తాత గొంతు వినబడింది. వెంటనే నాయినమ్మ గొంతు, వణుకుతూనే, "సాక్ష్యం నడుమ ఆపొద్దని నువ్వే అంటివి గదన్నా" అంది. అది విన్నాక నాకు ఎక్కడ లేని బలం వచ్చింది. గుడ్డిగా చేతులతోనే ముందుకు నడిచాను. నడిచి నడిచి చెయ్యి మెత్తటిదాని మీద పడింది.

"ఇది ఎవలి కాలు?"

"నాదే" అన్నాడు తాత. "దిగు బిడ్డా."

"దిగ. నా సాక్ష్యం కాలేదు."

"ఏంది నీ సాక్ష్యం?"

"నువ్వు చెప్పిన గౌనే ఏసుకున్న తాతా. నాకేం కానొస్తలేదు. గదే నా సాక్ష్యం. చెవి ఇస్తనంటేనే ఆమేన్ అంట."

తలలో నెత్తురు గుంయిమంటోంది. పడిపోతే హాలూ పోతుంది, నాగపూరూ పోతుంది, బాపు వంచిన తల అలాగే ఉండిపోతుంది. పళ్లు కరిచి నిలబడ్డాను. అంతలో ఎవరో వచ్చి నా మొహం మీది గౌను పైకెత్తి పట్టుకున్నారు. వెలుతురు వచ్చింది. నాయినమ్మ ముడతల పాదాలు కనిపించాయి.

"అన్నా, ఈ గౌను కుట్టింది నేను" అంది. కొట్లాటంటే భయపడే మా నాయినమ్మే అంది. "పిల్ల కండ్లకు గంతలు కట్టింది నేనే. ఇగ కట్ట. చెవి ఇయ్యి."

తాత మోకాళ్లు కిర్రుమన్నాయి. ఆయన కిందికి వంగి, నా చేతి పక్కన తాళం చెవి పెట్టాడు. "సత్రంజి మాత్రం దులపాలె" అన్నాడు.

"ఆమేన్" అని నేను దబ్బున పడ్డాను. అలవాటు కొద్దీ సంఘమంతా "ఆమేన్" అంది.

ఇక్కడితో నేను గెలిచేశానని రాసుకోవాలని ఉంది గాని, నాగపూర్‌లో బీమ్ మీంచి పడ్డాను. మళ్లీ ఎక్కి పూర్తి చేశాను, అయినా పేరు రాలేదు. తిరిగొచ్చేసరికి తాత చర్చి గేటు దగ్గర ఉన్నాడు. "ఏమైంది?" అన్నాడు. పడ్డానని చెప్పాను. "మల్లెక్కినవా?" ఎక్కానన్నాను. "అయితే చెవి నీ తాననే ఉంచుకో" అని లోపలికి పోయాడు. మరుసటి ఏడు నా పేరు వచ్చింది. ఆ తర్వాత రాష్ట్ర జట్టు, జాతీయ శిబిరం, మెడలో కొన్ని పతకాలు, మోకాలికి ఒక పెద్ద కుట్టు. వాటి గురించి పేపర్లవాళ్లు రాశారు. కోళ్ల గంప గురించి ఎవరూ రాయలేదు.

ఇప్పుడు ఇదే ఊళ్లో నేను పిల్లలకు నేర్పుతున్నాను. నిజమైన చాపలు, నిజమైన బీమ్, ఎవరి బట్టల గురించీ ఎవరూ మాట్లాడని హాలు. మాట్లాడితే నేనున్నాను. మొన్న సాయంత్రం తాళం వేసే వేళ అయింది, అందరూ వెళ్లారు, ఒక బుడ్డది మాత్రం గోడ పక్కన చేతుల మీద నిలబడి ఉంది. "చాలు, దిగు" అన్నాను. "దిగను మ్యాడం. ఇంకొంచెం సేపు హాలు తెరిచి ఉంచుతానంటేనే దిగుతా" అంది తలకిందులుగానే. కోపం తెచ్చుకుని చేతి గడియారం చూసుకున్నాను. చూసుకున్నాక తెలిసింది నేనెవరిలా నిలబడి ఉన్నానో. నవ్వు ఆపుకుని, కుట్టు పడిన మోకాలు కిర్రుమంటుండగా కిందికి వంగి, తాళం చెవి దాని చేతి పక్కన పెట్టాను.