బొమ్మల యుద్ధానికి జీలుగు కల్లు

జర్మనీ యుద్ధం ముగిసిన కొన్నేళ్లకు పనిమీద ఏజెన్సీకి వెళ్లి, హుకుంపేట సంతలో డేరా కట్టి ఆడిస్తున్న యుద్ధం బయస్కోపు చూశాను. ఆ యుద్ధంలో బస్రా ఎడారిలో సైన్యం గుమాస్తాగా ఉండి వచ్చినవాణ్ణి కదా, చూస్తున్నకొద్దీ నాకు ఒళ్లు మండిపోయింది. ఎడారి ఎండలో ఒక్కడికీ చెమట పట్టదు, ఒక్క ఈగ వాలదు. తూటా తగిలినవాడు గుండె పట్టుకుని, తీరిగ్గా ఆకాశంలోకి చూసి, అప్పుడు పడతాడు!

దానికితోడు నా పక్కనున్న కొండ ముసలమ్మ, తెరమీద ఒకడు పడ్డప్పుడల్లా సొరబుర్రలోంచి జీలుగు కల్లు నేలమీద ఒంపుతోంది. నా పంచె తడిసిపోయింది.

“ఏమిటమ్మా ఈ పని?” అని కసిరాను.

“సచ్చినోల్లకి పొయ్యాల గదా బాబూ. పొయ్యకపోతే ఆల్లకి దారి దొరకదు.”

“వాళ్లెవరూ చావలేదు! అంతా వేషం. బొమ్మ తీయడం అవగానే లేచి, బట్టలు దులుపుకుని భోజనాలకి వెళ్లుంటారు. అసలు యుద్ధం ఇలా ఉండనే ఉండదు. నేను చూసొచ్చాను.”

ఆమె సొరబుర్ర కింద పెట్టి నావైపు తిరిగింది.

“నువ్వెల్లొచ్చినావేటి? మా తమ్ముణ్ణీ మూటలు మొయ్యడానికి ఆ యుద్ధానికే తోలుకెల్లినారు. మరి రానేదు. అక్కడ సచ్చినోల్లకి ఎవులు పోసినారు బాబూ?”

నేను తెరవైపు తిరిగాను. మరొకడు పడ్డాడు. వెనక వస్తున్నవాళ్లు వాణ్ణి దాటుకుని, తిరిగి చూడకుండా వెళ్లిపోయారు.

ఆ ఒక్కటి మాత్రం ఉన్నదున్నట్టే తీశారు.