కుళ్లాయప్ప నాలుగు గంటల ట్రయల్

జమ్మలమడుగు మెకానిక్ కుళ్లాయప్పకు ఒకే ఒక్క పిచ్చి. ఏ బండి బాగుచేసినా దాన్ని ప్రొద్దుటూరు దాకా తోలి, ఆడ నాలుగు గంటలు చల్లారబెట్టి, మళ్లీ స్టార్ట్ చేసి వింటేగాని తాళం చేతికియ్యడు. ఇంజిన్ విప్పినా అంతే, వైపర్ మార్చినా అంతే.

"హారను చల్లారేదేందప్పా?" అని కారు హారను బాగుచేయించుకున్న మా ఆదినారాయణ మామ ఒకసారి తగులుకున్నాడు.

"వేడి మీద అన్నీ బాగనే మోగుతాయి మామా. చల్లారినాకనే గుణం తెలిసేది" అన్నాడు కుళ్లాయప్ప, నట్టు బిగిస్తూనే.

ఆ ట్రయళ్లు కూడా సోమవారం, గురువారమే. మిగతా రోజుల్లో ఆ రోడ్డు ఆయనకు అచ్చిరాదని మేమంతా నవ్వుకునేవాళ్లం.

నా పాత డీజిల్ కారు పొద్దున్నే స్టార్ట్ చేస్తే రేకు డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు గరగరమనేది. కుళ్లాయప్ప చెవి పెట్టి విన్నాడు.

"టైమింగ్ చైను గైడు అరిగిపోయినాది సార్. ఆనుకునే దిక్కులేక చైను పోయి కవరును కొట్టుకుంటాండాది. ఇట్లనే తోలితే ఒకనాడు చైను చక్రం పండ్లు దాటుతాది, వాల్వులు వంగుతాయి. ఇంక ఇంజిను మీద ఆశ వదులుకోవాల్సిందే."

శుక్రవారం పొద్దున పులివెందులలో మా బామ్మర్ది ఈశ్వర్ పెళ్లి. పెళ్లికొడుకును తీసుకుపోయే బండి నాదే. దారిలో ఆగిందంటే మా ఆవిడ ఉమాదేవి నన్ను ఈ జన్మలో వదలదు.

కుళ్లాయప్ప ముందు కవరు విప్పి గైడు బయటికి తీశాడు. చైను ఒరుసుకుని ఆ ప్లాస్టిక్కులో కాలవలు పడ్డాయి, కొస విరిగింది. కొత్తది బిగించి, టైమింగు గుర్తులు మూడుసార్లు సరిచూసి, ఇంజిన్ని చేత్తో తిప్పి చూసి, బుధవారం సాయంత్రానికి ముగించాడు.

"తాళం ఇయ్యప్పా" అన్నా.

"రేపు ట్రయల్ సార్. ఈ శబ్దం చల్లని ఇంజినుకే వచ్చేది."

"ఈడనే చల్లారబెట్టు."

"ప్రొద్దుటూరు గాలి వేరే సార్."

ఒళ్లు మండిపోయింది. తెల్లారి నేనే పోయి ముందు సీట్లో కూర్చున్నా. దిగమన్నాడు, దిగలేదు. గొణుక్కుంటూ బండి తీసి పక్క సందులో ఆపాడు. షెడ్డు దగ్గర కుట్టుమిషను పెట్టుకున్న పెద్దామె రహమత్‌బీ చేతిసంచితో వచ్చి వెనక కూర్చుంది.

"నువ్వు కూడా బరువుకే వచ్చినావా నాయనా?" అంది నన్ను చూసి.

"బరువేంది?"

"వెనక మనిషి బరువు లేకుంటే ట్రయల్ తేలదంట కదా. రెండేండ్లుగా నేనే కూచుంటాండా. శానా బండ్లు నా వల్లనే బాగైనాయి. ఊరకే ఎక్కించుకుపోతానంటే నేను గడప దాటేదాన్నా? పనుందంటేనే వస్తాండా."

కుళ్లాయప్ప అద్దంలో నా చూపు తప్పించుకున్నాడు.

ప్రొద్దుటూరు ఆస్పత్రి ముందర బండి ఆగింది. గోడ మీద 'డయాలసిస్' అని రాసి, బాణం గీసి ఉంది. "మీ బండి చల్లారేలోపల నా పని చూసుకుని వస్తా" అని ఆమె లోపలికి పోయింది.

"ఎంతసేపు పడుతుంది?" అన్నా మెల్లగా.

"నాలుగు గంటలు సార్." బానెట్ ఎత్తి, లేని దుమ్ము తుడుస్తున్నాడు. "ముందు బస్సులో పోతాండె. వచ్చేటప్పుడు నిలబడలేక ఒకతూరి పడిపోయినాది. అట్ల విడిచిపెట్టేకి మనసొప్పలే."

ఇన్నాళ్లూ నవ్వినందుకు నాకు సిగ్గేసింది.

నాలుగు గంటల తర్వాత ఆమె వాడిపోయిన మొహంతో వచ్చి కూర్చుంది. కుళ్లాయప్ప తాళం తిప్పాడు. గరగర లేదు.

"చూస్తివా, బరువంటే బరువే" అంది రహమత్‌బీ వెనక నుంచి, కళ్లు మూసుకునే.

పెళ్లికొడుకు వేళకు ముందే పులివెందుల చేరాడు. సోమవారం పొద్దున్నే నేను షెడ్డుకు పోయేసరికి ఆదినారాయణ మామ కారు అప్పటికే ఆడ ఉంది.

"పాడు హారను, నెలకొకసారి చెడిపోతాండాది" అన్నాడు మామ, నా మొహం చూడకుండా.

"అయితే నాది గురువారానికి పెట్టుకో కుళ్లాయప్పా" అన్నా.

"మళ్లీ ఏమైంది సార్?"

"ఏమో. నాలుగు గంటలు చల్లారినాక చూడు."