ఘర్షణ లేకుంటే నడవలేం

తెలంగాణ ఉద్యమం ఊపందుకున్న రోజుల్లో నేను సిద్దిపేట పక్కన ఒక ఊరి బడిలో సైన్సు టీచరును. పాఠం బాగా చెబుతానని పేరు. ఆ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు. ఆ ఏడు పదో తరగతికి ఒక చిన్న పరీక్ష పెట్టి, 'ఘర్షణ అనగానేమి? ఒక ఉదాహరణ ఇవ్వండి' అని అడిగాను. కింది తరగతుల్లో చదివిందే, గుర్తుందో లేదో చూద్దామని. మొదటి బెంచీలో కూర్చునే అమ్మాయి ఇలా రాసింది: 'రెండు వర్గాల మధ్య జరిగే కొట్లాటను ఘర్షణ అంటారు. ఉదాహరణ: పోలీసులకు, విద్యార్థులకు మధ్య నిన్న జరిగినది.'

సున్నా వేసి, నిలబెట్టి చివాట్లు పెట్టాను. ఆ పిల్ల బెదరలేదు. "పేపర్ల గట్లనే రాస్తున్నరు టీచర్" అంది. నిజమే, రోజూ పేపరు తెరిస్తే అదే మాట. ఒక వస్తువు మరో వస్తువు మీద జారబోతే అడ్డుపడే బలానికి మన పుస్తకాలు పెట్టిన పేరూ అదే. తప్పు పిల్లదా, పేరు పెట్టినవాళ్లదా అని ఇంటికి చేరేదాకా ఆలోచిస్తూనే ఉన్నాను. సున్నా మాత్రం దిద్దలేదు.

ఆ పిల్ల తల్లి బీడీలు చుట్టేది. "పది పాసైతే కాలేజికి తోలిస్త టీచర్. తప్పిందంటే నా పక్కన చాట పట్టుకొని కూసుంటది" అని బడికి వచ్చి మరీ చెప్పిపోయింది. బెదిరింపు కాదు, ఉన్నమాట ఉన్నట్టు చెప్పింది. మిగతా సబ్జెక్టుల్లో అమ్మాయికి ఢోకా లేదు. సైన్సులోనే గండం.

అంతలో సమ్మె వచ్చింది. బడికి తాళం పడింది, బస్సులు నిలిచిపోయాయి. టీచర్లమంతా సిద్దిపేటలో టెంటు కింద కూర్చున్నాం. నేనూ మనస్ఫూర్తిగానే కూర్చున్నాను, గొంతు పోయేదాకా నినాదాలు ఇచ్చాను. రాష్ట్రం వస్తుందనే విషయంలో నాకు ఏనాడూ అనుమానం లేదు. కానీ అది వచ్చేనాటికి ఈ పిల్లలు పది తప్పి కూర్చుంటే వాళ్లకు ఒరిగేదేముంది? ఒళ్లో చాట పెట్టుకుని ఆకు కత్తిరిస్తున్న ఆ పిల్ల నినాదాల మధ్య నా కళ్ల ముందు మెదిలేది.

అప్పటికే ఇంటర్నెట్‌లో టీచర్ల కోసం కొన్ని బ్లాగులు వస్తున్నాయి. నేను చూసినవాటిలో చాలావరకు జీవోలు, జీతాల లెక్కలు, బదిలీల కబుర్లు. పనికొచ్చేవే, కాదనను, నేనూ చదివేదాన్ని. పిల్లలు చదువుకునేది మాత్రం వెతికినా దొరికేది కాదు. ఒకవేళ దొరికినా గైడులోంచి ఎత్తి పోసిందే అయ్యేది. ఇంతకన్నా నేనే నయంగా రాస్తాననిపించింది. అనిపించాక ఊరుకోవడం నా వల్ల కాదు.

సిద్దిపేటలో మా గల్లీ చివర ఇంటర్నెట్ సెంటరు నడిపే భాయ్‌ని సాయం అడిగాను. జిరాక్సు, పెళ్లి పత్రికల కంపోజింగు, అన్నీ ఆయనే చూసుకునేవాడు. మొదటి పాఠాన్ని పెళ్లి పత్రికల ఫాంటులోనే కొట్టించి బ్లాగులో పెట్టాం. తెరిచి చూద్దుము గదా, ఒక్క తెలుగు అక్షరం లేదు. ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, కొక్కేలు.

"గిదేంది మేడమ్, తాయెత్తుల రాసే మంత్రం లెక్క ఉన్నది" అని భాయ్ నవ్వాడు.

"మంత్రం కాదు భాయ్, నా ఖర్మ" అన్నాను. అన్ని కంప్యూటర్లలోనూ కనబడే తెలుగు ఫాంటు వేరే ఉందని అప్పుడు తెలిసింది. మళ్లీ మొదటి నుంచి కొట్టాలి. ఈసారి కీబోర్డు ముందు నేనే కూర్చున్నాను.

ఆ పాఠం ఘర్షణ మీదే. అమ్మాయి జవాబుతోనే మొదలుపెట్టాను. పుస్తకం భాష పక్కన పెట్టి, మేం ఇంట్లో మాట్లాడుకునే భాషలో రాశాను. 'పేపర్ల ఘర్షణ వేరు, సైన్సుల ఘర్షణ వేరు. దీన్ని మనం రాపిడి అంటం. తడి బండ మీద కాలు ఎందుకు జారుతది? రాపిడి తక్కువైంది కాబట్టి. నేల మన కాలిని పట్టుకోకపోతే ఒక్క అడుగు గూడ ముందటికి పడదు.' పైన పేరు పెట్టాను: 'ఘర్షణ లేకుంటే నడవలేం.'

భాయ్ దాన్ని ప్రింటు తీసి దుకాణం తలుపుకు అంటించాడు. మా పిల్లలు సైకిళ్ల మీద వచ్చి చదివి రాసుకుపోయేవారు. బీడీల తల్లి బిడ్డ నడిచే వచ్చేది. 'మా పిల్లలకు గూడ పంచుకోవచ్చునా?' అని దౌల్తాబాద్ నుంచి ఒక సారు బ్లాగులో పాఠం కింద రాశారు. పంచుకోండి, మీకు పుణ్యముంటుంది అని జవాబిచ్చాను.

టెంటులో మా సంఘం పెద్దాయనకు ఇది మింగుడు పడలేదు.

"సమ్మెల కూసోని పాఠాలు చెప్పుడేందమ్మా? చేసిన సమ్మె గంగల కలవదా?" అన్నారు.

"సమ్మె సర్కారు మీద సార్, పిల్లల మీద కాదు. తాళం బడికి ఏసినం, పుస్తకానికి ఎయ్యలె" అని ప్రింటు ఆయన చేతిలో పెట్టాను.

చదవబోయి పేరు దగ్గరే ఆగిపోయారు. ఆయన మొహం వెలిగింది. మర్నాడు పొద్దున నేను వెళ్లేసరికి టెంటు ముందు ఎర్రటి అక్షరాలతో బ్యానరు వేలాడుతోంది: 'ఘర్షణ లేకుంటే నడవలేం.' తడి బండ లేదు, రాపిడి లేదు, పేరు ఒక్కటే ఉంది. నేను నెత్తి బాదుకున్నాను.

మధ్యాహ్నానికల్లా పోలీసు ఇన్‌స్పెక్టరు వచ్చారు. బ్యానరు చూపించి ఇది రాసిందెవరని అడిగారు. పెద్దాయన నీళ్లు నమిలారు. నేను లేచి నిలబడ్డాను.

"ఏంది మేడం గిది? టీచరై ఉండి కొట్లాటలు కావాలని రాస్తరా? ఇంటర్నెట్ల గూడ పెట్టిన్రట. దాన్ని తీసేయున్రి, లేకుంటే పైకి రాసి పంపుత" అన్నారు.

తీసేస్తే పిల్లలు మళ్లీ గాలికే. నాకు ఒళ్లు మండింది.

"మా పదో తరగతి పిల్ల రాసిన జవాబే మీరు గూడ చెప్తున్నరు సార్. ఆమెకు సున్నా ఏసిన" అన్నాను.

టెంటంతా గొల్లుమంది. ఆయన మొహం కందిపోయింది. ప్రింటు అందించి, "మొత్తం చదివి మాట్లాడున్రి" అన్నాను. ఆయన నిలబడే చదివారు. తడి బండ దగ్గర మూతి బిగువు సడలింది. ఇంకాస్త చదివి ఒకచోట వేలు పెట్టి, నాకు మాత్రమే వినబడేట్టు అన్నారు: "మీ పాఠం ఉండనీయున్రి మేడం. గీ అగ్గిపుల్ల ముచ్చటొక్కటి తీసేయున్రి. పిల్లలు చదివేది గద."

రాపిడితో వేడి పుడుతుందని చెప్పడానికి అగ్గిపుల్ల గీయడం ఉదాహరణగా ఇచ్చాను. ప్రతి సైన్సు టీచరూ ఇచ్చేదే. కానీ రాష్ట్రం కోసమని ఒంటికి నిప్పంటించుకున్న పిల్లల వార్తలు చదువుతున్న రోజులవి. అగ్గిపుల్ల అంటేనే తల్లుల గుండెలు అదిరేవి. నాకు ఏడుపొచ్చింది. సాయంత్రం భాయ్ దుకాణానికి వెళ్లి ఆ వాక్యం తీసేసి, చలికాలం అరచేతులు రుద్దుకుంటే వెచ్చగా అవుతాయని రాశాను. పేరు మార్చలేదు. టెంటు ముందున్న బ్యానరు కింద పాఠం కూడా అంటించమన్నాను. పెద్దాయనే అంటించారు. సమ్మె చూడవచ్చినవాళ్లు కూడా కాస్త సైన్సు చదువుకుపోయారు.

సమ్మె ఉన్నన్నాళ్లూ పాఠాలు పెడుతూనే ఉన్నాను. వాటి కింద ఎక్కువగా రాసింది ఆ పిల్లే. భాయ్ దుకాణంలో కూర్చుని ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టేది: 'టీచర్, సమజ్ కాలే, మల్ల చెప్పున్రి.' ఇంకో రకంగా రాసేదాన్ని. 'ఇంక సమజ్ కాలే' అనేది. మళ్లీ రాసేదాన్ని. సమ్మె ముగిసి బడి తెరిచాక మిగిలిన పాఠాలు పరుగుల మీద లాగించాను.

ఫలితాలు వచ్చిన రోజు తల్లీ బిడ్డా మా ఇంటికి వచ్చారు. పిల్ల పాసైంది, సైన్సులోనూ మంచి మార్కులు వచ్చాయి. తల్లి నా చేతులు పట్టుకుంది. నాకు అంతకు మించిన సన్మానం ఆ తర్వాత కూడా జరగలేదు.

"ఇగ బడి మంచిగ నడుస్తున్నది గద, బ్లాగు బంద్ పెడదామనుకుంటున్న" అన్నాను.

"బంద్ పెట్టకున్రి టీచర్" అంది అమ్మాయి గబుక్కున. "నేను గా బ్లాగులనే చదివి పాసైన."

"బడిల చెప్పింది నేనే, గండ్ల రాసింది నేనే. ఏం తేడా ఉన్నదే?" అన్నాను కాస్త గర్వంగానే.

"బడిల రెండోసారి అడిగితే తిడ్తరు టీచర్. గాడ ఎన్నిసార్లడిగినా తిట్టరు."